కడగుక్క

1

ఈ రోజు పై గొట్టం తుడుస్తుంటే మళ్ళీ వేపమొలకలు దొరికాయి. గబ్బిలాలు ఎక్కడ తిని ఎక్కడ ఊస్తాయో గానీ, మా కొండలోకి గాలి దించే గొట్టాల పగుళ్ళలో వేప మొలుస్తూనే ఉంటుంది. వేరు దిగితే గొట్టం చీలుతుంది, దుమ్ము దిగి ఊరంతా దగ్గుతుంది. అందుకని కనిపించినదాన్నల్లా పీకి సంచిలో వేసుకోవడమే నా ఉద్యోగం. ఊరి లెక్కలో అది మొక్క కాదు, కలుపు. కొండ లోపల పుట్టినవాళ్ళు వేపాకును కంటితో చూడలేదు. నాకు మాత్రం అన్నం కలుపుకున్నా వేళ్ళకు దాని చేదే తగులుతుంది.

ఇంటికొచ్చేసరికి పక్కింటి శేషమ్మక్క మా గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక పాత నూనెడబ్బా, సగానికి కోసి అడుగున చిల్లులు పొడిచింది. అందులో నాలుగు కరివేపాకు మొలకలు. మా కొండ మొత్తానికి ఒక్క కరివేపాకు చెట్టు ఉండేది, అదీ ఈవిడ లోపలి గదిలోనే, ఎవరికీ చూపించేది కాదు. మొన్నామధ్య కాయలు కాసి, ఆ అలసటకే అన్నట్టు ఎండిపోయింది. ఆ కాయల్లోంచి వచ్చినవి ఇవి.

"రొమ్ములో దుమ్ము పేరుకుందంట. కింద ఆసుపత్రికి రమ్మన్నారు. ఎన్నాళ్ళుంచుతారో తెలవదు," అంది. "ఇయ్యి నీకప్పజెప్తన్నా మాలకొండా. వేలు లోపలికి పెట్టి చూడు. పొడిగా తగిల్తేనే నీళ్ళు పొయ్యి. లోపలి గదిలో పెట్టు, ఎవురి కడగుక్కా పడనీమాక."

"అట్టాగే అక్కా! నా ప్రాణం పెట్టి చూసుకుంటా," అన్నాను. నా నోటికి అదొక జబ్బు. ఏ మాటైనా ఒక మెట్టు పైనుంచే దిగుతుంది.

ఆవిడ భయం నాకు తెలియనిది కాదు. మా ఊళ్ళో దీపం మనిషికి ఇవ్వరు, మొక్కకు ఇస్తారు. ఇంట్లో మొక్క బతికున్నంతకాలం దీపం వెలుగుతుంది. ఆ వెలుగులోనే మనం వండుకోవడం, కుట్టుకోవడం, వెలుగు వృథా పోకుండా ఇలా నాలుగు ముక్కలు రాసుకోవడం. మొక్క చచ్చిపోతే దీపాలాయన వచ్చి ఊడదీసుకుపోతాడు. ఎవరి దగ్గరైనా కొమ్మ తుంచి తెచ్చుకుంటామంటే ఒప్పుకోరు, ఒక మొక్కకు ఒక దీపమే. కొత్త మొక్క కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి చీకట్లో ఎదురుచూడాలి. మా ఇంట్లో దీపం మా ఆవిడ ఆదిలక్ష్మి తమలపాకు తీగ మీద నడుస్తోంది. వాళ్ళమ్మ ఇచ్చిన తీగ. శేషమ్మక్కకు ఈ నాలుగు మొలకలు తప్ప ఇంకో పచ్చటి ఆకు లేదు.

2

అబద్ధమెందుకు, మొదట లోపలి గదిలోనే పెట్టాను.

తర్వాత ఎదురింటి పేరయ్య, వాళ్ళింట్లో గాలి సరిగా రావడం లేదని చెప్పడానికి వచ్చి, లోపలికి తొంగిచూశాడు. "ఏందన్నా అది? కరివేపాకా? నిజంగానా?" అని చెప్పులు కూడా విడవకుండా దాని ముందు నిలబడిపోయాడు. మర్నాడు ఆ ఇళ్ళ వరుసంతా వచ్చింది. గొట్టాలు తుడిచేవాడి ఇంటికి పనిబడి తప్ప ఎవరూ రారు. మసి చేతులవాడని పెళ్ళిళ్ళలో కూడా నన్ను చివరి బంతిలో కూర్చోబెడతారు. అలాంటిది, మా గడప ముందు చెప్పుల కుప్ప! ఆ కుప్పను చూసుకుని నేను పొంగిపోయాను.

వచ్చినవాళ్ళు లోపలి గదిలోకి ఎలా వెళ్తారు? అందుకని మొలకలను ముందుగదిలోకి తెచ్చాను. నూనెడబ్బా నామోషీగా ఉందని, దాన్ని ఆదిలక్ష్మి పెళ్ళినాటి ఇత్తడి గిన్నెలో దించాను. తళతళా తోమి మరీ దించాను.

"శేషమ్మొదిన ఏం జెప్పింది, నువ్వేం చేస్తన్నావు?" అంది ఆదిలక్ష్మి.

"చూస్తే అరిగిపోద్దా ఏంది?"

"చూసి ఊరుకోరుగా వచ్చినోళ్ళు."

నిజమే, ఊరుకోరు. ఎవరింటికి వెళ్ళినా అరగ్లాసు నీళ్ళిస్తారు. చివరి గుక్క తాగకూడదు, ఆ ఇంటి మొక్కకు పొయ్యాలి. అదే కడగుక్క. తాగేస్తే "మీ మొక్క ఎండితే నాకేం" అన్నట్టు. పొయ్యనివ్వకపోతే వచ్చిన మనిషిని మెడబట్టి గెంటినట్టు. తమలపాకు తీగ పక్కనే ఉన్నా దాని మొహం ఎవరూ చూడలేదు. అందరూ కరివేపాకుకే పోశారు, కళ్ళకద్దుకుని మరీ పోశారు. వద్దని ఒక్కరికీ చెప్పలేకపోయాను. చెబితే రేపు ఇంకొకరు రారేమోనని భయం. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అననులే.

3

ఒక మొలక పడిపోయింది.

పొద్దున లేచి చూస్తే గిన్నె అంచు మీద తల వాల్చి ఉంది. మట్టిని ఆనుకున్న చోట కాడ నల్లగా, దారంలా సన్నబడిపోయింది. ఆకులు పసుపు తిరిగాయి గదా, దాహమేమోనని నిన్న నేనూ ఒక చెంబు పోశాను. ఎంత తెలివో చూడండి. గొట్టాల్లో ఎక్కడ చెమ్మ ఉందో వాసనబట్టి చెప్పే ముక్కు నాది, నా ముందున్న గిన్నెలోంచి కుళ్ళు వాసన వస్తుంటే కనిపెట్టలేదు.

వేలు పెట్టి చూడమని కదా ఆవిడ చెప్పింది. ఈ రోజే మొదటిసారి పెట్టాను. వేలు బురదలో దిగినట్టు దిగింది. డబ్బా పైకెత్తితే అడుగున ఇత్తడి గిన్నె నిండా నీళ్ళు, మీద చిన్న చిన్న ఈగలు. చిల్లుల్లోంచి కారిన నీళ్ళు పోయేదారి లేక ఊరివాళ్ళ మర్యాదంతా అక్కడే నిలిచిపోయింది.

నీళ్ళు వంచేశాను. పొడిమట్టి చల్లాను. విసనకర్రతో విసిరాను కూడా. ఆదిలక్ష్మి చూస్తూ నిలబడింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఆవిడ అంటుందేమోనని చూశాను. ఆవిడ విసనకర్ర నా చేతిలోంచి తీసుకుని మూలన పెట్టింది. అంటే బాగుండేది.

4

నాలుగూ పోయాయి. చివరిది రెండు రోజులు నిలబడితే, దేవుడికి కూడా మొక్కుకున్నాను. ఆఖరికి అదీ మిగతావాటి పక్కనే వాలింది.

ఈ రోజు చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. పై గొట్టంలో వేపమొలకలు దొరికితే పీకాను. మూడింటిని సంచిలో వేశాను. నాలుగోదాన్ని వేళ్ళు తెగకుండా మట్టితో సహా తీసి తడిగుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాను. ఇంటికి తెచ్చి శేషమ్మక్క డబ్బాలో నాటాను. ఇత్తడి గిన్నె మాత్రం తీసేశాను.

"ఇది ఏపగదా?" అంది ఆదిలక్ష్మి. ఆవిడకు నా చేతుల వాసన తెలుసు.

"ఆకు ఒకే తీరుగా ఉండాది. శేషమ్మక్క వచ్చేదాకేలే."

"వచ్చినాక?"

నేను డబ్బాలో మట్టి సర్దుతూ కూర్చున్నాను. "పోయినయ్యని చెప్పెయ్యి. ఊళ్ళో ఇప్పుడే చెప్పెయ్యి," అంది. ఈ సాయంత్రం వచ్చినవాళ్ళకు చెబుదామనే గట్టిగా అనుకున్నాను. పొరుగు వరుసనుంచి ఒక పెద్దమనిషి వచ్చి, వేపమొలక మీదికి వంగి, కళ్ళు మూసుకుని పీల్చి, "అబ్బబ్బ! ఏం గుబాళింపయ్యా! కరివేపాకంటే కరివేపాకే!" అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నేను నవ్వి ఊరుకున్నాను. నాలుగు మొలకలు ఒకటైనాయేమని ఎవరో అడిగితే, బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేశానని చెప్పాను. అదీ ఒక మెట్టు పైనుంచే చెప్పాను.

వేప మాత్రం ఎంతమంది కడగుక్కలు పోసినా నిక్షేపంగా నిటారుగా నిలబడింది. దాన్ని చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

5

పేరయ్య వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"అన్నా, ఒక్క రెబ్బ ఇయ్యవా? అమ్మకు ముద్ద దిగటంల్యా. చారు కావాలంటది, కరివేపాకేసి తాలింపు పెట్టిన చారంట. చిన్నప్పుడు బయట తిన్నదంట. నాకేం తెలుసు దాని రుచి?"

వాళ్ళమ్మ నాగరత్నమ్మ మంచం పట్టి చాలాకాలమైంది. కొండ బయట పుట్టి, బయట ఆడుకుని, ఎండ ముదిరాక లోపలికి వచ్చినవాళ్ళలో మా వరుసలో మిగిలింది ఆవిడే.

"లేతది గదయ్యా, తుంచితే పోద్దేమో," అన్నాను.

"నీ కాళ్ళు పట్టుకుంటా అన్నా."

నిజంగానే వంగాడు. వంటగదిలోంచి ఆదిలక్ష్మి నా వైపే చూస్తోంది. ఇది వేపయ్యా అని రెండు మాటలు అంటే అయిపోయేది. నేను రెబ్బ తుంచి ఇచ్చాను. పేరయ్య దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పెట్టుకుని, "నువ్వూ రావాలన్నా. నీ చేత్తో ఇచ్చింది, అమ్మ తాగుతుంటే నువ్వు చూడాల," అని నన్నూ లాక్కుపోయాడు.

తాలింపులో ఆకు చిటపటలాడినప్పుడు ఆ ఇంట్లో లేచిన వాసన నాకు బాగా తెలుసు. పేరయ్య మురిసిపోతూ గరిటె తిప్పుతున్నాడు. నాగరత్నమ్మను లేపి కూర్చోబెట్టి, స్పూనుతో నోట్లో పోశాడు. ఆవిడ మింగలేదు. నోట్లోనే పెట్టుకుని, ముందు కొడుకు మొహం చూసింది. తర్వాత నన్ను చూసింది. కళ్ళల్లో కోపం లేదు, అదే వచ్చిన చిక్కు. తర్వాత మింగింది.

"ఎట్టుండాదమ్మా? అదేనా?" అన్నాడు పేరయ్య.

"అదే నాయనా. అచ్చంగా అదే," అంది.

గిన్నెలో ఉన్నదంతా తాగింది. ప్రతి స్పూనుకూ మెడ నరాలు లాగుతుంటే తాగింది. నేను గోడకు ఆనుకుని ఉండిపోయాను. వెళ్ళొస్తానని దగ్గరికి వెళ్తే నా మణికట్టు పట్టుకుని కిందికి లాగి, చెవిలో అంది: "ఇంకెవురికీ పెట్టమాక నాయనా."

నేల చీలితే దూరిపోవాలనిపించింది.

6

నాగరత్నమ్మ పోయింది. ఆ చారే ఆఖరుది, ఆ తర్వాత ఆవిడ నోరు తెరవలేదు.

దినం నాడు పేరయ్య పదిమందిలో నిలబడి నా పేరు చెప్పాడు. మాలకొండయ్యన్న తన మొక్కను తుంచి మా అమ్మ ఆఖరి కోరిక తీర్చాడు, ఇంత గొప్ప మనసు ఎవరికుంటుందని ఏడ్చాడు. నన్ను మొదటి బంతిలో, అరుగు మీద, చనిపోయినావిడ అన్నగారి పక్కన కూర్చోబెట్టారు. నా బతుకంతా కోరుకున్న చోటది. విస్తట్లో వడ్డించిన ముద్ద నోట్లో పెట్టుకుంటే ఎంతకీ దిగలేదు. నాకు చేదు తగులుతోందో, నా వేళ్ళ చేదే అదో తెలియలేదు.

ఇంటికొచ్చాక ఆదిలక్ష్మి అంది: "నలుగురూ పొగుడుతుంటే తల కిందికేసుకున్నావే, అది చూసి అణకువ అనుకున్నారు జనం." అని లోపలికి పోయి పడుకుంది.

రేపు శేషమ్మక్క వస్తుందని కింది నుంచి కబురొచ్చింది. మొక్క సరిచూసి దీపం ఉంచాలా తీయాలా చెప్పడానికి దీపాలాయన కూడా వస్తాడు. ఆయనకు కొండ పైనా కిందా తెలియని ఆకు లేదు. ఆయన చూడగానే కలుపని పీకేస్తాడు. అంటే నేను చెప్పినా చెప్పకపోయినా బయటపడేదే. ఇది రాస్తూ కూడా, ఆయన రాకముందే చెబితే నాకు కాస్త మర్యాద మిగులుతుందా అని ఆలోచిస్తున్నాను. ఛీ.

7

శేషమ్మక్క వచ్చింది. చిక్కి సగమైంది. దగ్గు మాత్రం తగ్గింది. కరివేపాకు అప్పగింత చూడాలని ఊళ్ళోవాళ్ళు మా ముందుగది నిండా కూర్చున్నారు. పేరయ్య గుండుతో మొదటి వరుసలో ఉన్నాడు. దీపాలాయన ఇంకా మొదటి ఇళ్ళ దగ్గరే ఉన్నాడు.

ఆదిలక్ష్మి అందరికీ నీళ్ళిచ్చింది. శేషమ్మక్కకు కళ్ళు సరిగా ఆనవు. డబ్బాలో పచ్చగా ఉన్నదాన్ని దూరంనుంచే చూసి, "ఒకటన్నా నిలిచింది, సంతోషం నాయనా," అంది. ఆ మాటతో నా లోపల ఏదో తెగింది. ఆవిడ అరగ్లాసు నీళ్ళు తాగింది. తనే వద్దన్న మనిషి, ఇంతమందిలో మా ఇంటి మర్యాద తీయలేక, అడుగున గుక్కెడు మిగిల్చి గ్లాసు డబ్బా మీదికి వంచబోయింది.

నేను డబ్బా మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఎవరో "శివశివా" అన్నారు. కడగుక్కకు చెయ్యి అడ్డం పెట్టిన ఇంటివాణ్ణి మా కొండలో ఎవరూ చూసి ఉండరు. గ్లాసులో నీళ్ళు నా చేతి మీద పడి కారాయి.

"కరివేపాకు కాదక్కా," అన్నాను. "ఏప. గొట్టంలో పీకింది. నీయి నాలుగూ నేనే చంపాను. ముందుగదిలో పెట్టి, అందరూ రావాలని, అందరిచేతా గుక్కలు పోయించి చంపాను."

శేషమ్మక్క ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఉమ్మలేదు.

"మరి మా అమ్మ చారు?" అన్నాడు పేరయ్య.

నేను తడిసిన చెయ్యి చొక్కాకు తుడుచుకుంటున్నాను.

"అన్నా, మా అమ్మ తాగిన చారు సంగతి అడుగుతున్నా."

"ఇదే పేరయ్యా. మీ అమ్మకు తెలుసు. నన్ను కాపాడింది."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి, తన గ్లాసులో మిగిలిన గుక్కను మా గడప మీద పారబోసి, వెళ్ళిపోయాడు. అతని వెనకే అందరూ లేచారు. మా గడప ముందు చెప్పుల కుప్ప చూస్తుండగానే కరిగిపోయింది.

దీపాలాయన వచ్చి వేపను పీకి నా సంచిలోనే వేశాడు. శేషమ్మక్క ఇంట్లో దీపం తీయడానికి నిచ్చెన భుజాన వేసుకున్నాడు. "నా తప్పుకు ఆమె దీపం ఎందుకయ్యా, నాది తీసుకుపో," అన్నాను. మళ్ళీ అదే గొంతు, అదే పై మెట్టు.

"నీదేడుంది?" అంది ఆదిలక్ష్మి. "తీగ నాది. మా అమ్మది." ఆవిడ తమలపాకు కుండీని చంకనెత్తుకుని, తీగ నేలకు తగలకుండా రెండో చేత్తో పట్టుకుని, పక్కింటికి నడిచింది. నేను చెయ్యి వెయ్యబోతే వెయ్యనివ్వలేదు. శేషమ్మక్క దీపం కింద దాన్ని దించి, వెనక్కి వస్తూ నాతో అంది: "నాది గాబట్టి నేనిచ్చా. నువ్విచ్చావని రేపెక్కడా చెప్పుకోమాక."

నిచ్చెన మా ఇంట్లోకి వచ్చింది.

8

ఇది నడవాలోని దీపం కింద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ అందరూ నడుస్తూనే ఉంటారు, ఎవరూ ఆగరు. మా ఇంట్లో వంట తడుముకుంటూ అవుతోంది. ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా ఆదిలక్ష్మి ఏమీ అనదు, నేనూ అనను. కొత్త మొక్కకు పేరు రాయించాను. గుమాస్తా నా పేరు విని తల ఎత్తి చూశాడు.

పేరయ్య ఇంట్లో గాలి ఇంకా సరిగా రావడం లేదు. ఈ రోజు అతను పనికి పోయాక వాళ్ళ గొట్టం లోపలినుంచి తుడిచి వచ్చాను. ఎవరు తుడిచారో అతనికి తెలియాల్సిన పని లేదు. ఇక్కడ ఎందుకు రాసుకున్నానో నాకే తెలియదు.

తిరిగి వస్తుంటే శేషమ్మక్క తలుపు తీసి ఉంది. "లోపలికి రా," అంది. అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడటం ఇదే మొదలు. క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు. వెలుగులో కళ్ళు చికిలించుకుని కూర్చున్నాను. ఆదిలక్ష్మి తీగ గోడంబడి ఎగబాకి, కొత్త ఆకులు వేసింది. దాన్ని ఆదిలక్ష్మి వచ్చి చూసిపోతూనే ఉందని శేషమ్మక్క చెప్పింది. నాకు తెలియదు.

అరగ్లాసు నీళ్ళిచ్చింది. తాగాను. అడుగున గుక్కెడు మిగిలింది. ఏం చెయ్యాలో తోచక గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. నడవాలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి, తలుపులోంచి మమ్మల్ని చూస్తున్నారు.

"మళ్ళా చెప్పాల్నా?" అంది శేషమ్మక్క.

లేచి తీగ దగ్గరికి వెళ్ళాను. కుండీలో వేలు పెట్టి, కణుపుదాకా దించి చూశాను. మట్టి చల్లగా, తడిగా తగిలింది.

వాళ్ళు చూస్తుండగా ఆ గుక్క నేనే తాగేశాను.